ఎం-క్యాడెరిన్ బ్యాండ్ రావడం లేదు, యాంటీబాడీ పాడైనట్టేనా?

ప్రశ్న (శ్రీకాకుళం, పరిశోధక విద్యార్థిని):
అందరికీ నమస్కారం. ఎం-క్యాడెరిన్ (కండర కణాలను ఒకదానికొకటి అతికించే ప్రొటీన్) కోసం మౌస్ మోనోక్లోనల్ యాంటీబాడీ (ఎలుక కణాల నుంచి తయారై, ఆ ప్రొటీన్‌ని పట్టుకునేది) తెప్పించాం. విశాఖ నుంచి పార్సిల్ వచ్చేసరికి ఐస్ ప్యాక్ కరిగిపోయి ఉంది. సీ2సీ12 కణాలను (ల్యాబ్‌లో పెంచే ఎలుక కండర కణాలు) ట్రిప్సిన్-ఈడీటీఏతో ప్లేట్ నుంచి లేపి, రీపా బఫర్‌లో లైసిస్ చేసి (కణాలను పగలగొట్టి) వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను జెల్ మీద సైజు ప్రకారం విడదీసి, యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) పెట్టాను. బ్యాండ్ లేదు. ఎలుక తొడ కండరం లైసేట్‌లో మాత్రం 50, 25 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర దిట్టంగా బ్యాండ్లు వచ్చాయి. యాంటీబాడీ పోయిందని, కొత్తది కొనాలని ల్యాబ్‌లో అంటున్నారు. ఫెలోషిప్ డబ్బులు ఇంకా పడలేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (విజయనగరం):
అమ్మా, కొత్తది ఇప్పుడే కొనకండి. ఒకటి రెండు రోజులు చల్లదనం తప్పినంత మాత్రాన మామూలుగా ఐజీజీ (రక్తంలో ఎక్కువగా ఉండే రకం) యాంటీబాడీ పాడవదు. నాకు అనుమానం మీ ట్రిప్సిన్ (ప్రొటీన్లను కోసే ఎంజైమ్) మీదే. క్యాడెరిన్లు కాల్షియం పట్టుకుని ఉన్నంతవరకే గట్టిగా నిలబడతాయి. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని లాగేస్తుంది. అప్పుడు కణం బయటి వైపున్న భాగాన్ని ట్రిప్సిన్ కోసేస్తుంది. మీ యాంటీబాడీ అతుక్కునేది ఆ బయటి భాగానికే అయితే, కణాలు లేపేటప్పుడే మీ ప్రొటీన్ పోయినట్టు. డేటాషీట్‌లో ఇమ్యునోజెన్ (యాంటీబాడీ తయారీకి వాడిన ప్రొటీన్ ముక్క) ఏదని రాశారో ముందు చూడండి.

ఈసారి కణాలను లేపవద్దు. మీడియం తీసేసి, కాల్షియం, మెగ్నీషియం ఉన్న చల్లటి పీబీఎస్ (ఉప్పు ద్రావణం)తో కడిగి, ప్రొటియేజ్ ఇన్హిబిటర్ (ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌లను ఆపేది) కలిపిన రీపా నేరుగా ప్లేట్‌లోనే పోసి స్క్రేపర్‌తో గీకండి. ఇంకో మాట. విడివిడిగా పెరుగుతున్న మయోబ్లాస్ట్‌లలో (ఇంకా కలిసి ఫైబర్ కాని కండర కణాల్లో) ఈ ప్రొటీన్ తక్కువే ఉంటుంది. ప్లేట్ నిండాక 2 శాతం హార్స్ సీరమ్‌కి మార్చి, కణాలు కలవడం మొదలయ్యాక శాంపిల్ తీయండి. బ్యాండ్‌ని 89 కిలోడాల్టన్ల దగ్గర వెతకకండి. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం అంతే అయినా, చక్కెరలు అతుక్కుని ఉండటం వల్ల జెల్ మీద 120 కిలోడాల్టన్ల చుట్టుపక్కల కనిపిస్తుంది. 8 శాతం జెల్ వాడండి.

కండరంలో వచ్చిన 50, 25 బ్యాండ్లు ఎలుక రక్తంలోని ఐజీజీవే. మీ సెకండరీ (మొదట వేసే ప్రైమరీ యాంటీబాడీని పట్టుకుని సిగ్నల్ ఇచ్చే రెండో యాంటీబాడీ) యాంటీ-మౌస్ కదా, ఎలుక ఐజీజీ ఏదైనా పట్టుకుంటుంది, ఇక్కడ వాటినే పట్టుకుంటోంది. ప్రైమరీ వేయకుండా సెకండరీ ఒక్కటే వేసి ఒక లేన్ పెట్టండి, తేలిపోతుంది. పైగా ఎదిగిన ఎలుక కండరంలో ఎం-క్యాడెరిన్ ఎక్కువగా శాటిలైట్ కణాల (ఫైబర్‌ని ఆనుకుని ఉండే కండర మూలకణాలు) దగ్గరే ఉంటుంది, అవేమో చాలా కొద్ది. మొత్తం కండరాన్ని నూరితే ఆ కొంచెం కాస్తా మయోసిన్, యాక్టిన్‌ల మధ్య కలిసిపోతుంది. దాన్ని పాజిటివ్ కంట్రోల్‌గా నమ్ముకోవద్దు.

ఇంకొకరి జవాబు:
పై మేడమ్ చెప్పింది నిజం. ట్రాన్స్‌ఫర్ (జెల్‌లోని ప్రొటీన్లను కరెంటుతో మెంబ్రేన్ మీదికి దించడం) కూడా చూసుకోండి. పెద్ద ప్రొటీన్ కదా అని రాత్రంతా పెడితే మన వైపు ఎండాకాలంలో కరెంటు పోతే అంతే సంగతులు. పగలే ట్యాంక్ చుట్టూ ఐసు నింపి, 100 వోల్టుల మీద గంటన్నర నడపండి. చేపల మార్కెట్ ఐసైనా ఫర్వాలేదు, ట్యాంక్ బయటే కదా. మెంబ్రేన్‌కి పాన్సో (ప్రొటీన్లను ఎర్రగా చూపే రంగు) పూస్తే పెద్ద ప్రొటీన్లు దిగాయో లేదో అప్పుడే తెలిసిపోతుంది. యాంటీబాడీని చిన్న చిన్న ఆలిక్వాట్‌లు చేసి దాచండి. మాటిమాటికీ గడ్డకట్టించి కరిగించడమే దానికి ఎక్కువ చేటు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ మేడమ్, థాంక్స్ సార్. ఇమ్యునోజెన్ బయటి భాగమే అని ఉంది. ప్లేట్ మీదే లైసిస్ చేస్తాను. ఇదే యాంటీబాడీతో కండరం సెక్షన్లలో శాటిలైట్ కణాలు చూడాలనుంది, పాక్స్7 (శాటిలైట్ కణాలను గుర్తించే ప్రొటీన్) యాంటీబాడీతో కలిపి వేయొచ్చా?

జవాబు (విజయనగరం):
ఆగండమ్మా. ఎక్కువ మంది వాడే పాక్స్7 యాంటీబాడీ మౌస్ ఐజీజీ1. మీదీ అదే సబ్‌క్లాస్ అయితే ఒకే సెకండరీ రెండింటినీ పట్టుకుంటుంది, ఏ సిగ్నల్ దేనిదో తెలియదు. మొదట కుందేలు నుంచి తయారైన (రాబిట్) లామినిన్ (ఫైబర్ చుట్టూ ఉండే పొరలోని ప్రొటీన్) యాంటీబాడీతో జత చేయండి. లామినిన్ గీతకు లోపల, శాటిలైట్ కణం ఫైబర్‌ని తాకే వైపు ఎం-క్యాడెరిన్ కనబడాలి. ఎలుక సెక్షన్ కాబట్టి ముందు యాంటీ-మౌస్ ఫ్యాబ్ (యాంటీబాడీలో అతుక్కునే ముక్క)తో ఎలుక సొంత ఐజీజీని బ్లాక్ చేయడం మర్చిపోకండి, లేకపోతే కణాల మధ్యంతా వెలుగుతుంది.