అప్‌డేట్: క్రోనోగ్రాఫ్ ముల్లు దారికొచ్చింది

వాల్జూ 7750 మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) ఉన్న నా వాచీలో రీసెట్ నొక్కినా క్రోనో (అంటే స్టాప్‌వాచ్) సెకన్ల ముల్లు 12 దగ్గర కాకుండా మూడు సెకన్లు దాటి ఆగుతోందని పోయిన నెల అడిగాను కదా. కీ బయటికి లాగి బటన్ నొక్కిపట్టమని కొందరు చెప్పారు. అది బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల చిట్కా, నాలాంటి స్ప్రింగు మెకానికల్ వాచీలో పనిచేయదు.

చివరికి తిరుపతి గాంధీ రోడ్డులో ఒక పెద్దాయనకి చూపించాను. ఏమీ విప్పకుండా పదిసార్లు రీసెట్ చేసి చూశారు. "ప్రతిసారీ ఒకే చోట ఆగతా ఉంది నాయనా. లోపల బాగుంది, ముల్లే జారింది" అన్నారు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే వేరే కథట: ముల్లుని ఇరుసు మీద పట్టి ఉంచే గొట్టం వదులై ఉండాలి, లేదంటే రీసెట్ సుత్తి, ముల్లుని సున్నాకి తిప్పే గుండె ఆకారపు క్యామ్ మీద సరిగ్గా పడకపోతూ ఉండాలి.

అప్పుడు గుర్తొచ్చింది, అలిపిరి మెట్లెక్కుతూ చెయ్యి రెయిలింగ్‌కి గట్టిగా కొట్టుకుంది!

వాచీని రీసెట్‌లోనే ఉంచి, ముల్లు పీకి, సున్నా మీద మళ్లీ కూర్చోబెట్టారు. పది రోజులైంది, కదల్లేదు. క్రోనోలో 30 నిమిషాల దాకా లెక్కపెట్టే చిన్న ముల్లు కూడా వెంట్రుకవాసి పక్కకుంది గానీ, దాన్ని నేనే ముట్టుకోనివ్వలేదు.