"చేప తినేవాడిది ___ పేరు": ఆ ఖాళీలో ఏముండాలి?

గోదారి గట్టు: చిలీ పాఠంలో అక్కడి ఆదివాసులు మపూచేల దగ్గరికి వచ్చేసరికి మా భూగోళం మాస్టారు ఒక మాట అనేవారు. "గింజ తినేవాడిది చెట్టు పేరు, చేప తినేవాడిది ... పేరు". పెవెన్ చెట్టు పేరున్న పెవెంచే, లఫ్కెన్ పేరున్న లఫ్కెంచే అనే మపూచే తెగల సంగతని తెలుసు. ఆ ఖాళీలో మాట మాత్రం జారిపోయింది. రెండు రోజులుగా అన్నం దగ్గర కూడా అదే టెన్షన్.

పాత అట్ట: సంద్రం. ఇంకేముంటుంది?

నల్లమల: లఫ్కెన్ అంటే సరస్సు కూడానండీ. పెద్ద నీరు ఏదైనా వాళ్ళకి అదే మాట. మాస్టారు "నీటి పేరు" అనే ఉంటారు.

పాత అట్ట: చెట్టు పేరు, నీటి పేరు. మరీ చప్పగా లేదూ?

అరసున్న: అందరూ నీళ్ళలోనే మునిగారు. ఆగాల్సింది "చే" దగ్గర. మపు నేల, చే మనిషి. జనమన్నా చేయే. బహువచనం కావాలంటే ముందు "పు" పెడతారు, పు మపూచే అని. కాబట్టి గోదారి గారి "మపూచేలు" తప్పు. "మపూచే ప్రజలు" అయితే నడి సెంటర్ లాంటిది.

గోదారి గట్టు: మన నోట్లో పడ్డాక మన "లు" తగలాల్సిందే. బస్సులు అనట్లేదా?

చెరుకు గడ: దీర్ఘం ఒక్క అక్షరం వెనక్కి జరిపితే "మాపుచే". తృతీయా విభక్తి! చేతన్, చేన్, తోడన్, తోన్.

అరసున్న: నవ్వండి. మన చెంచుల్లో "చె" ఎక్కడిదో ఆలోచించారా?

నల్లమల: బాబ్బాబు, ఆపండి. శబ్దం కలిసిందని చుట్టరికం కలిపేస్తారా? పోలికే కావాలంటే గోండులు తమను తాము కోయతూర్, అంటే మనుషులు, అనుకోవడం చూడండి.

రైలు కట్ట: చిలీ కవి నెరూడా పెరిగిన తెముకో ఊరు ఆ నేలే. తెము ఒక చెట్టు, కో అంటే నీరు. కురికో అంటే నల్ల నీళ్ళు. పేరు మపూచేది, ఊరు మాత్రం వాళ్ళ నేల లాక్కుంటూ చిలీ సైన్యం 1881లో కట్టిన కోట. వానలో పెరిగిన ఆ రైల్వే ఉద్యోగి కొడుకు 1945లో సెనేటర్‌గా గెలిచింది ఎక్కణ్ణుంచో తెలుసా? వాన చుక్క ఎరగని ఉత్తరాన, తరపకా, అంతొఫగస్తా సురేకారం గనుల నుంచి.

పాత అట్ట: అదే 1945లో చిలీ కవయిత్రి మిస్త్రాల్‌కి నోబెల్. మీ నెరూడాకి 1971 దాకా రాలేదు. ఆవిడ తెముకోలో హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు ఈయన ఆవిడ దగ్గర రష్యన్ నవలలు తెచ్చుకు చదివిన కుర్రాడు.

రైలు కట్ట: తెచ్చుకు చదివాడు కాబట్టే అంతవాడయ్యాడు.

గోదారి గట్టు: అయ్యా, నా ఖాళీ?

నల్లమల: నీరు.

పాత అట్ట: సంద్రం.

అరసున్న: ముందు "లు" తీసేయండి.

గోదారి గట్టు: ఇప్పుడే మా బావకి ఫోన్ చేశాను, ఇద్దరం ఒకే బెంచీ. ఖాళీ సంగతి గుర్తులేదన్నాడు. మాస్టారు "గింజ" అననే లేదట, "కాయ" అన్నారట.

నల్లమల: కాయ ఎలా అవుతుందండీ? బొటనవేలంత గింజ అది. ఉడకబెట్టి, పొట్టు ఒలిచి తింటారు, పిండి కూడా విసురుతారు.

పాత అట్ట: కొబ్బరిని కాయ అనట్లేదా?