రద్దీ బస్సులో కావాలని తాకేవాణ్ణి ఎలా నిలదీయాలి?

ప్రశ్న: ఆ క్షణంలో గొంతు పెగలదు. నోరు తెరిచినా "పొరపాటున తగిలింది" అంటాడు. ఏమనాలి?

జవాబు 1: అతని వైపు తిరిగి, రెండు పాదాలూ గట్టిగా ఆనించి నిలబడండి. ఎవరు, ఏం చేస్తున్నాడు, ఏం చేయాలి, ఈ మూడూ ఒకే వాక్యంలో రావాలి: "నీలం చొక్కా, నా నడుం మీద నుంచి చెయ్యి తియ్!" బస్సంతా వినబడాలి. "ఏం చేస్తున్నావ్?" అని అడగొద్దు, సాకు చెప్పే సందు దొరుకుతుంది. ప్లీజ్, సారీ అసలే వద్దు. వాదిస్తే అదే వాక్యం మళ్లీ అనండి.

జవాబు 2: "ఎవరైనా సాయం చేయండి" అంటే పక్కవాళ్లు చూసుకుంటారులే అని అందరూ ఊరుకుంటారు. ఒక్కరిని చూపించి పని చెప్పండి: "కళ్లజోడు అక్కా, ఇటు రండి. కండక్టర్ గారూ, బస్సు ఆపించండి."

జవాబు 3: బిగుసుకుపోవడం శరీరం భయానికి చూపే స్పందన, దయచేసి మిమ్మల్ని నిందించుకోకండి. ఆ వాక్యాన్ని ఇంట్లో పైకి, గట్టిగా అని సాధన చేయండి. మనసులో అనుకుంటే చాలదు.

ఖాళీ రోడ్డు మీద మాత్రం నిలదీయొద్దు. వెంటపడుతుంటే నేరుగా ఇంటికి వెళ్లకండి, ఇల్లు తెలిసిపోతుంది. జనం ఉన్న దుకాణంలోకి వెళ్లి ఫోన్ చేయండి. బస్సు నంబరు, సమయం, అతని ఆనవాళ్లు వెంటనే రాసుకోండి.