నిజమైన కొరతను ఒత్తిడి పెట్టకుండా చెప్పడం ఎలా?

శ్రీకాకుళంలో మాకు చిన్న బట్టల దుకాణం ఉంది. ఎక్కువగా పొందూరు ఖాదీ అమ్ముతాం. ఈమధ్య ఆన్‌లైన్‌లోనూ మొదలుపెట్టాం. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడు ప్రతి పంచె కింద ‘రెండే మిగిలాయి’ అని రాసి, పక్కన సమయం తరిగిపోతున్నట్టు గడియారం పెడదామంటున్నాడు. కొరత కనిపిస్తే కొనేవారి చెయ్యి ఆగదట. కావచ్చు. కానీ బీరువా నిండా సరుకు పెట్టుకుని రెండేనని రాయడం నాకు మింగుడుపడటం లేదు. పైగా 2023లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవారిని మభ్యపెట్టే ఎత్తుల) మార్గదర్శకాలు పేర్కొన్న 13 పద్ధతుల్లో లేని తొందర పుట్టించడం కూడా ఉంది.

నా చిక్కు వేరు. సన్నఖాదీకి కొరత అబద్ధం కాదు. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో వడికి, మగ్గం మీద నేసే బట్ట అడిగిన వెంటనే రాదు. ఆ మాట చెబితే ఇదీ అమ్మకపు ఎత్తే అనుకుంటారేమో! ఉన్న సంఖ్యే చూపించి, మళ్లీ ఎప్పుడొస్తుందో రాస్తే సరిపోతుందా? ‘ఎక్కువమంది కొన్నది’ అనే గుర్తును ఏ లెక్కన పెడితే న్యాయం? (దుకాణానికి వచ్చినవారికి మజ్జిగ ఇవ్వడం మాత్రం మానను, దాన్నీ ఎత్తు అనకండి.) కొనేవారిగా మీరు ఏది చూస్తే నమ్ముతారు, ఏది చూస్తే పేజీ మూసేస్తారు? అమ్మకాల్లో ఉన్నవారు కూడా చెప్పగలరు.