బొమ్మల పుస్తకం ఎవరిది? రాసినవాళ్లదా, బొమ్మలు వేసినవాళ్లదా?

పాయింట్‌కుక్ నాన్న:
మా ఇంట్లో వారం రోజులుగా నడుస్తున్న తగువు ఇక్కడ పెడుతున్నాను. మేం ఉండేది ఆస్ట్రేలియాలో, మా అమ్మాయి రెండో క్లాసు. చదివిన పుస్తకాలు రాసుకోమని స్కూల్లో ఒక కాగితం ఇస్తారు. పుస్తకం పేరు, రచయిత, కొత్తగా నేర్చుకున్న పదం, ఇలా మూడు గడులు. ‘పాసమ్ మ్యాజిక్’ ఎదురుగా రచయిత గడిలో పిల్ల ‘జూలీ వివాస్’ అని రాసింది. టీచరు ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘మెమ్ ఫాక్స్’ అని దిద్ది పంపారు. టీచర్ని అనడానికేం లేదు, రాసింది మెమ్ ఫాక్సే, జూలీ వివాస్ బొమ్మలు వేసింది. పిల్ల మాత్రం ఒప్పుకోదు. “హష్‌ని చేసింది జూలీ కదా నాన్నా” అంటుంది.

పుస్తకం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1983లో వచ్చింది. ఒక పాసమ్ (చెట్ల మీద తిరిగే ఇక్కడి జంతువు) అమ్మమ్మ, పాములకు దొరక్కుండా మనవరాలు హష్‌ని మంత్రం వేసి మాయం చేస్తుంది. తిరిగి కనబడాలంటే మనుషుల తిండి తినాలి. ఇద్దరూ ఊరూరా తిరుగుతూ తింటారు. డార్విన్‌లో వెజిమైట్ (బ్రెడ్‌కి రాసుకునే ఉప్పటి నల్లటి ముద్ద) శాండ్‌విచ్ తింటే తోక కనిపిస్తుంది, పెర్త్‌లో పావ్లోవా అనే తీపి తింటే కాళ్లూ ఒళ్లూ వస్తాయి, హోబార్ట్‌లో లామింగ్టన్ అనే కేకుతో పిల్ల మొత్తం బయటపడుతుంది. (వెజిమైట్ మొదటిసారి తిన్నరోజు నాకూ తోక వచ్చినంత పనైంది.)

ఇప్పుడు చెప్పండి, ఈ పుస్తకం ఎవరిది?

వెంటీ అమ్మ:
ఇందులో చర్చ ఏముందండీ? రాసినవాళ్లది. ఈ కథ 1978లో ఫ్లిండర్స్ యూనివర్సిటీలో బాలసాహిత్యం కోర్సుకి మెమ్ ఫాక్స్ రాసిన అసైన్‌మెంట్. అప్పుడు అందులో ఉన్నది ఎలుక. ఐదేళ్లలో తొమ్మిది మంది పబ్లిషర్లు వద్దన్నారు. చివరికి అడిలైడ్‌లో ఆమ్నిబస్ అనే చిన్న సంస్థ తీసుకుంది. అదీ ఊరికే కాదు, ఎలుకని తీసేసి ఆస్ట్రేలియా జంతువుని పెట్టమన్నారు, కథని బాగా కత్తిరించమన్నారు. ఆ తిరగరాత అంతా ఆవిడ చేసిందే. తొమ్మిది సార్లు కాదనిపించుకున్న మనిషి పేరు ముందుండక ఇంకెవరి పేరు ఉంటుంది?

గీతలపిచ్చి (హైదరాబాద్):
బొమ్మలు వేయడమే నా బతుకుతెరువు, కాబట్టి ఎటు మాట్లాడతానో ముందే తెలిసిపోతుంది. అయినా ఒక్కటి అడుగుతాను వెంటీ గారూ. ‘కనబడని జంతువు’ అని రాయడానికి రెండు మాటలు చాలు. దాన్నే బొమ్మ వేయమంటే? ప్రతి పేజీలో హష్ ఉండాలి, కానీ కనబడకూడదు. అది ఎక్కడుందో పిల్లలకి తెలియాలి, కథలో మిగతావాళ్లకి తెలియకూడదు. జూలీ వివాస్ దాని ఆకారాన్ని పల్చటి అంచుగా మాత్రం వదిలి, లోపలినుంచి వెనకున్నవి కనబడేలా చేసింది. మీ పాప ‘హష్‌ని చేసింది జూలీ’ అన్నది అక్షరాలా నిజం.

ఇంకోటి. ‘డైరీ ఆఫ్ ఎ వాంబాట్’, 2002, రాసింది జాకీ ఫ్రెంచ్, బొమ్మలు బ్రూస్ వాట్లీ. వాంబాట్ అంటే బొరియల్లో ఉండే ఆస్ట్రేలియా జంతువు, అది డైరీ రాస్తుంటుంది. నా జాగాలోకి చదునైన, బొచ్చు ఉన్న జీవి ఏదో చొరబడింది, దానితో పెద్ద యుద్ధం చేశాను, అని. బొమ్మ చూస్తే అది గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా. బొమ్మ తీసేయండి, జోక్ ఎక్కడుంది?

వెంటీ అమ్మ:
జోక్ జాకీ ఫ్రెంచ్ బుర్రలో ఉంది! ‘పట్టా’ అనే మాట రాయకుండా ఆపుకుంది చూడండి, అదే రాత. మాట మింగడం రాయడంకన్నా కష్టం. పైగా ఆవిడ ఉండేది న్యూ సౌత్ వేల్స్‌లో అరలూయెన్ లోయలో, చుట్టూ నిజం వాంబాట్లే. మాత్‌బాల్ అనే వాంబాట్ వేషాలన్నీ చూసి రాసింది. ఆ చూపు లేకపోతే వాట్లీ దేనికి బొమ్మ వేస్తాడు?

బ్రిస్బేన్ బుజ్జి:
ఆగస్టులో బుక్ వీక్ పరేడ్‌కి (పిల్లలు పుస్తకాల్లో పాత్రల్లా వేషాలు వేసుకుని స్కూలుకెళ్తారు) మా ముగ్గురు పిల్లలకీ వేషాలు కట్టేది నేను. ఏ ఒక్కసారీ పుస్తకంలో మాటలు చూసి కుట్టలేదు. బొమ్మ ఫొటో తీసుకుని స్పాట్‌లైట్ అనే గుడ్డల షాపుకి పరిగెత్తడమే. నా ఓటు బొమ్మకే.

వెంటీ అమ్మ:
బుజ్జీ, పరేడ్ వేరు, చదవడం వేరు అమ్మా 🙂

టార్నీట్ తాత:
మా అబ్బాయి దగ్గరికి వచ్చి మూడు నెలలైంది, పొద్దుపోక ఇవన్నీ చదువుతున్నాను. మీరు ఆస్ట్రేలియా పుస్తకాల గురించి మాట్లాడుతున్నారు గానీ నాకు చందమామ గుర్తొస్తోంది. భుజాన శవం, చేతిలో కత్తి, విక్రమార్కుడి ఆ బొమ్మ శంకర్ వేసింది. ముఖచిత్రం అంటే వడ్డాది పాపయ్య. డెబ్బై దాటినా ఈ పేర్లు నోటికొస్తాయి. బేతాళుడి కథలు ఎవరు రాశారని అడగండి, నాకు తెలియదు. కొడవటిగంటి కుటుంబరావు గారు అంతకాలం అక్కడ పనిచేశారన్న సంగతి కూడా నాకు పెద్దయ్యాకే తెలిసింది. మరి ఆ పత్రిక నాకు నేర్పిన తెలుగు ఎవరిది? బొమ్మలు నేర్పలేదు కదా. రాసినవాళ్ల పేరు తెలియకపోయినా వాళ్ల వాక్యం నాలో ఉండిపోయింది. కాబట్టి, అమ్మా వెంటీ, పేరు గుర్తుండటం ఒకటి, పని చేయడం ఇంకొకటి. నేను ఎటువైపో నాకే తేలలేదు.

పాయింట్‌కుక్ నాన్న:
తాతగారూ, మీ మాటతో నాకో సంగతి తట్టింది. రాత్రిళ్లు ఈ పుస్తకాలన్నీ నేను తెలుగులోకి మార్చి చదువుతాను, తెలుగు పోకూడదని. అంటే మెమ్ ఫాక్స్ మాట ఒక్కటీ నా నోట్లో ఉండదు. ఉన్నదల్లా బొమ్మలే. అయినా పిల్ల హాయిగా వింటుంది. అప్పుడు పుస్తకం బొమ్మలదే అవ్వాలి.

ఒక్క పుస్తకం దగ్గర మాత్రం నా పప్పులు ఉడకలేదు. ‘వేర్ ఈజ్ ద గ్రీన్ షీప్’, 2004. మెమ్ ఫాక్సే రాసింది, బొమ్మలు జూడీ హొరాచెక్. నీలం గొర్రె, ఎర్ర గొర్రె, స్నానాల తొట్టిలో గొర్రె, మంచం మీద గొర్రె. ఇంగ్లీషులో రెడ్‌కి బెడ్ కుదిరి ఊయల ఊగినట్టు సాగుతుంది. తెలుగులో ఎర్రకి మంచం ఎక్కడ కుదురుతుంది? రెండో పేజీకే “అలా కాదు నాన్నా, సరిగ్గా చదువు” అని పుస్తకం లాక్కుంది. బొమ్మలు అవే, గొర్రెలు అవే. పోయింది లయ ఒక్కటే, దాంతో పుస్తకమే పోయింది. ‘మరి పచ్చ గొర్రె ఏదీ?’ అన్న ఒక్క ముక్క మాత్రం తెలుగులో బతికింది, అది ఇప్పుడు మా ఇంట్లో తాళంచెవులు పోయినా వాడుతున్నాం.

వెంటీ అమ్మ:
చూశారా! నేను మొదటినుంచీ చెప్పేది అదే.

గీతలపిచ్చి:
ఆగండాగండి. ఆ పుస్తకంలో ముందు పుట్టింది బొమ్మే. జూడీ హొరాచెక్ కార్టూనిస్టు. ఆవిడ గీసిన పచ్చ గొర్రె బొమ్మ చూసి మెమ్ ఫాక్స్‌కి కథ తట్టింది. అంటే మీ లయకి తల్లి ఒక బొమ్మ. ఇప్పుడేమంటారు?

పెర్త్‌వాసి:
మా ఊరివాడి సంగతి ఎవరూ ఎత్తలేదేం? షాన్ టాన్. 1974లో పుట్టాడు, పెరిగింది పెర్త్‌లోనే, తండ్రి మలేషియా నుంచి వచ్చినవాడు. 1998లో ‘ద రాబిట్స్’ వచ్చింది, రాసింది జాన్ మార్స్‌డెన్. రాత మొత్తం కలిపితే ఒక కాగితం నిండదు. కుందేళ్లు వచ్చాయి, మాకు అర్థం కాలేదు, ఇంకా ఇంకా వచ్చాయి, అంతే. ఆ కుందేళ్లకి సైనికుల కోటు తొడిగి, చేతికి జెండాలు, కొలత సాధనాలు ఇచ్చి, పేజీ పట్టనంత ఓడ ఎక్కించి దింపినవాడు షాన్ టాన్. అది చూడగానే తెల్లవాళ్లు ఈ నేల మీద దిగడం కళ్లకు కడుతుంది. 1999లో చిల్డ్రన్స్ బుక్ కౌన్సిల్ దానికి ఆ ఏటి ఉత్తమ బొమ్మల పుస్తకం అవార్డు ఇస్తే, పిల్లలకి ఈ రాజకీయం ఎందుకని కొందరు గొడవ చేశారు. ఆ గొడవ తెచ్చింది రాతా, బొమ్మా? నా మటుకు బొమ్మే.

తర్వాత 2006లో ‘ద అరైవల్’. 128 పేజీలు, పెన్సిల్ బొమ్మలు, ఒక్క మాట లేదు. మరుసటి ఏడు న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ సాహిత్య పురస్కారాల్లో బుక్ ఆఫ్ ది ఇయర్ దానికే. సాహిత్య పురస్కారం అండీ, అక్షరం లేని పుస్తకానికి.

మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఇంట్లో ఆవిడ చదవగలిగిన పుస్తకం అదొక్కటే. ఇంగ్లీషు రాదు. ఒకాయన పెళ్లాం బిడ్డల్ని వదిలి తెలియని దేశం వెళ్తాడు. అక్కడి బోర్డుల మీద అక్షరాలు ఎవరికీ తెలియవు, షాన్ టాన్ కల్పించినవే. కావలసింది అడగడానికి నోరు పనికిరాక నోటుబుక్కులో బొమ్మ వేసి చూపిస్తాడు. ఆ పేజీ దగ్గర అత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, “ఇది నేను మొన్న మందులషాపులో చేసిన పనే” అంది. కడుపునొప్పి మాత్రల కోసం పొట్ట పట్టుకుని చూపించిందట. ఆ పుస్తకం రచయిత ఎవరని అడిగితే నేను ఇంకేం చెప్పను?

వెంటీ అమ్మ:
పెర్త్‌వాసి గారూ, మాటల్లేని పుస్తకం తెచ్చి పోటీ పెడితే ఎలా? అందులో రాసినవాళ్లే లేరు, గెలిచేది బొమ్మే. ఇద్దరు కలిసి చేసిన పుస్తకం సంగతి తేల్చండి. అయినా మీ అత్తయ్య గారి మాట బాగుంది, కాదనను.

గీతలపిచ్చి:
అయితే ఇద్దరు చేసిన పుస్తకం లెక్కే చెబుతాను. మామూలుగా 32 పేజీలు. రాసినవాళ్లు పబ్లిషర్‌కి ఇస్తారు, బొమ్మలు ఎవరు వేయాలో తేల్చేది పబ్లిషర్. చాలాసార్లు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, మధ్యలో ఎడిటరూ డిజైనరూ ఉంటారు. ఎక్కడ పేజీ తిప్పితే పిల్ల నవ్వుతుందో చాలావరకు తేలేది ఈ దశలోనే. బొమ్మలకి ఆరు నెలలు, ఏడాది కూడా పడుతుంది. రాయల్టీ మామూలుగా చెరి సగం. డబ్బు దగ్గర ఆస్ట్రేలియా న్యాయంగానే ఉందని నా అభిప్రాయం. లైబ్రరీలో పుస్తకాలు ఉన్నందుకు ప్రభుత్వం ఇచ్చే పబ్లిక్ లెండింగ్ రైట్ సొమ్ము బొమ్మలు వేసినవాళ్లకీ వస్తుంది. మన దగ్గర అలాంటిది లేదు.

తేడా వచ్చేది పేరు దగ్గరే. అక్కడ చిల్డ్రన్స్ లారియేట్ అని ఒక గౌరవం ఉంది, 2012లో ఆలిసన్ లెస్టర్, బూరి మోంటీ ప్రయర్ ఇద్దరితో మొదలైంది. 2025 దాకా మొత్తం ఎనిమిది మంది. అందులో లెస్టర్, లీ హాబ్స్, గాబ్రియెల్ వాంగ్ లాంటివాళ్లు రాస్తారు, బొమ్మలూ వేస్తారు. రాయకుండా బొమ్మలు మాత్రమే వేసేవాళ్లు ఒక్కరూ లేరు. అంటే బొమ్మకి గౌరవం దక్కాలంటే కాస్త రాసి కూడా ఉండాలన్నమాట.

వెంటీ అమ్మ:
ఆ లెక్క నేనెప్పుడూ చూడలేదు. ఇది మాత్రం అన్యాయమే. వెనక్కి తగ్గాననుకోకండి, సగమే ఒప్పుకున్నాను.

బ్రిస్బేన్ బుజ్జి:
ట్రీహౌస్ పుస్తకాల వాళ్లని చూడండి, ఈ గొడవే లేదు. ఆండీ గ్రిఫిత్స్ రాస్తాడు, టెర్రీ డెంటన్ బొమ్మలు వేస్తాడు, కథలో కూడా ఇద్దరూ వాళ్లే, ఒకే చెట్టు మీద ఉంటారు. 2011లో 13 అంతస్తులతో మొదలుపెట్టి ప్రతి పుస్తకానికీ పదమూడు పెంచుకుంటూ 2023లో 169 దగ్గర ఆపారు. మా పెద్దాడు “ఆండీటెర్రీ” అని ఒకే మనిషి అనుకున్నాడు చాలాకాలం.

టార్నీట్ తాత:
బాపూరమణ లాగా అన్నమాట. ‘బుడుగు’ ఎవరిదని మేం ఎప్పుడూ అడగలేదు నాయనా.

ఆ మాటల్లేని పుస్తకం ఇక్కడి లైబ్రరీలో దొరుకుతుందా? కార్డు మా అబ్బాయి పేరు మీద ఉంది, దాని మీద నాకు ఇస్తారా?

పెర్త్‌వాసి:
దొరుకుతుంది తాతగారూ, కార్డు సంగతి అక్కడే కనుక్కోండి. లేకపోతే వేరే శాఖ నుంచి తెప్పిస్తారు, కౌంటర్లో అడగండి. పేరు కాగితం మీద రాసుకెళ్లండి చాలు.

పాయింట్‌కుక్ నాన్న:
మేమూ తెచ్చాం, నిన్ననే. ఈసారి స్కూలు కాగితంలో రచయిత గడికి ఇబ్బంది రాలేదు, షాన్ టాన్ అని రాసింది. ‘కొత్తగా నేర్చుకున్న పదం’ గడి దగ్గర పది నిమిషాలు పెన్సిల్ కొరికింది. తర్వాత ఆ గడిలో, ఆ పుస్తకంలో ఉండే తోకజంతువుని చిన్నగా వేసింది. గడి చాలక తోక ‘టీచరు సంతకం’ అన్నచోటికి పోయింది. రేపు ఎర్ర పెన్ను ఏమంటుందో చూడాలి.