వెలవెలబోయిన బ్రిటన్ తీర పట్టణాలు, నేర నవలలు

ప్రశ్న: గ్రాహమ్ గ్రీన్ 1938లో రాసిన, ఇంగ్లండ్ తీర పట్టణం బ్రైటన్‌లో జరిగే నేర నవల ‘బ్రైటన్ రాక్’ చదివినప్పటి నుంచి ఒక సందేహం వేధిస్తోంది. నెత్తుటి కథకు లండన్ ఉండగా, జనం సరదాగా గడపడానికి వచ్చే సముద్రపు ఒడ్డు అంతగా ఎందుకు నప్పుతుంది? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: విహార పట్టణంలో జనం వారం వారం మారిపోతుంటారు కాబట్టి, నిన్న కనిపించిన మనిషి నేడు లేకపోయినా ఎవరూ ఆరా తీయరు. ఆ నవలలో నేరగాళ్ల ముఠా హేల్ అనే మనిషిని చంపడానికి వెంటాడేది చీకటి సందులో కాదు, పట్టపగలు, సెలవు రోజు కిక్కిరిసిన జనం మధ్యనే. నన్ను వణికించింది అదే.

జవాబు 2: ఆ నవల నాటి బ్రైటన్ ఇంకా కళకళలాడుతున్న ఊరేనండీ. స్పెయిన్‌కు చవక విమాన యాత్రలు పెరిగాకే ఇలాంటి ఊళ్లు చితికిపోయాయి. అతిథులు రాని బోర్డింగ్ హౌసులు ఎన్నో ఒంటిగది అద్దె కొంపలుగా మారాయి. వేసవి దాటితే పని దొరకని ఆ మనుషుల నుంచే తర్వాతి తరం నేర కథలు పుట్టాయని నా అభిప్రాయం. బ్రైటన్‌లోనే 1975లో మూతపడి, 2003లో కాలిపోయిన వెస్ట్ పియర్ (సముద్రంలోకి కట్టిన విహార వంతెన) ఇనుప అస్థిపంజరం నీళ్లలో నిలబడి ఉంది.

జవాబు 3: శిథిలాలు మాత్రమే చాలవు. బ్రైటన్‌లో అమ్మే, ‘రాక్’ అనే గులాబీ రంగు చక్కెర కడ్డీని ఎక్కడ కొరికినా లోపల ఊరి పేరే కనిపిస్తుంది. మనిషి స్వభావమూ అంతేనంటుంది, నవలలో హంతకుల వెంటపడే ఐడా. ముఠా నాయకుడు పింకీ పదిహేడేళ్ల వాడని గుర్తుంచుకుని ఆ మాట మళ్లీ చదవండి.