ఫ్లోరైడ్ రిస్క్ లెక్క: అధికారులకు ఇచ్చే నోట్‌లో ఏం రాయాలి?

బోరునీళ్లు:
ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎమ్మెస్సీ తర్వాత హెల్త్ రిస్క్ అసెస్‌మెంట్, పాలసీ సలహాల వైపు వెళ్లాలని ఉంది. నల్గొండ బోరు నీళ్ల మీద నమూనా రిపోర్టు రాస్తున్నా. ఫ్లోరైడ్ లీటరుకు 2.4 మి.గ్రా., రోజుకు 2 లీటర్లు, బరువు 60 కిలోలు అనుకున్నా. రోజు మోతాదు ఒంటి బరువు కిలోకు 0.08 మి.గ్రా. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన రిఫరెన్స్ డోస్ (రోజూ తీసుకున్నా హాని ఉండదని అంచనా వేసిన మోతాదు) 0.06తో భాగిస్తే హజార్డ్ కోషెంట్ (ఆ డోస్‌కు మన మోతాదు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.33 వచ్చింది. ఒకటి దాటింది కాబట్టి ప్రమాదం అని రాస్తే చాలా?

గీటురాయి:
చాలదండి. ముందు ఆ 2 లీటర్లు సరిచూడండి. ఎండాకాలం పొలంలో పనిచేసేవాళ్లు 5 లీటర్లు తాగితే అదే నీటితో మోతాదు 0.2, కోషెంట్ 3.33. 15 కిలోల పిల్లవాడు లీటరు తాగినా 2.67. కూలీలకు, పిల్లలకు, గర్భిణులకు లెక్క విడివిడిగా వేయాలి. ఊరి సగటు బోరు, సగటు మనిషి పెట్టి వేస్తే ఎక్కువ దెబ్బ తినేవాళ్లే లెక్కలోంచి జారిపోతారు. అన్నం, పప్పు ఉడికిన నీళ్లు, టీ కూడా కలపండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

ఇంకొకటి. 0.06 అనేది పిల్లల పళ్ల మీద మచ్చలు ఆధారంగా పెట్టిన విలువ. పెద్దవాళ్లకు 3.33 వచ్చిందని ఎముకల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) ఖాయమని రాయకూడదు. ఇంతమందికి జబ్బు వస్తుందని కూడా ఆ అంకె చెప్పదు.

ల్యాబుబల్ల:
2.4 అనే అంకె ఎలా వచ్చిందో కూడా రాయండి. నమూనా ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, గాజు వద్దు. చేతిపంపు కాసేపు కొట్టాకే పట్టాలి. ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు నీళ్లకు సమానంగా టిసాబ్ బఫర్ (లోహాలు పట్టుకున్న ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణం) కలపాలి. అది లేకపోతే అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని రీడింగ్ తక్కువ చూపిస్తాయి. పటిక వేసి శుద్ధి చేసిన నీళ్లలో ఈ తప్పు మరీ ఎక్కువ. ఫిల్టర్ బాగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, నిజానికి అంత బాగా చేయకపోవచ్చు. స్టాండర్డ్‌లు, నమూనాలు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి.

బోరునీళ్లు:
మిషన్ భగీరథ నల్లా ఉన్న ఊళ్లలో బోరు లెక్క అవసరమా?

గీటురాయి:
అవసరమే. నల్లా ఉందా అని కాదు, తాగడానికి, వంటకు, పొలానికి పట్టుకెళ్లడానికి ఏ నీళ్లు వాడుతున్నారని మూడు ప్రశ్నలుగా అడగండి.

నోట్ ఒక పేజీ దాటనివ్వకండి. మొదటి వాక్యంలోనే ఏ బోరు తాగడానికి ఆపాలో, ముందు ఏ అంగన్‌వాడీ, ఏ బడికి వేరే నీళ్లు ఇవ్వాలో ఉండాలి. తర్వాత ఐఎస్ 10500 (మన దేశ తాగునీటి ప్రమాణం) ఫ్లోరైడ్ పరిమితి: లీటరుకు 1.0 మి.గ్రా., వేరే దారి లేకపోతేనే 1.5. కోషెంట్‌ను ఒకే అంకెగా కాక, 2 లీటర్లకు ఇంత, 5 లీటర్లకు ఇంత అని ఇవ్వండి. నల్గొండ పద్ధతిని (పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడం) సిఫారసు చేస్తే పటిక మోతాదు ఎవరు రోజూ కొలుస్తారో, మడ్డి ఎక్కడ పారబోస్తారో, శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం లీటరుకు 0.2 మి.గ్రా. దాటకుండా ఎవరు చూస్తారో రాయాలి. ఈ మూడూ రాయకపోతే ఆ సిఫారసు అమలు కాదు.

ఉద్యోగానికైతే టాక్సికాలజీ (విషపదార్థాల శాస్త్రం), ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల తీరు చదివే శాస్త్రం), ఆర్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) మూడూ రావాలి. హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ), నాగపూర్ నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ఉద్యోగ ప్రకటనలు చూస్తూ ఉండండి.